బాల్కనీ పలకలు

బంగారుగనుల ఊరు రాబర్ట్‌సన్‌పేటలో కనకమహల్ టాకీసును పడగొడతా ఉండారనే మాట తిమ్మసంద్రానికి పాలబండి మీద వచ్చింది. డ్రైవరు క్యాన్లు ఎక్కిస్తా ఎక్కిస్తా చెప్పినాడు. డెయిరీ కాడ నిలబడినోళ్ళు ‘ఓహో’ అనుకొని ఎవరి పని వాళ్ళు చూసుకున్నారు. చేతిలో చెంబు కింద పెట్టి బండి దగ్గిరికి నడిచింది రామాంజినప్ప ఒక్కడే.

"నిజంగానా?"

"అబద్ధం చెప్తే నాకేమొస్తాది అప్పా? పైకప్పు దించేసినారు. తలుపులు, దూలాలు, పలకలు, కావాల్సినోళ్ళు తోలుకుపోతా ఉండారు."

రామాంజినప్పకు అరవై దాటినాయి. వయసులో ఉన్నప్పుడు ఆయన సైకిలుకు రెండు పక్కలా పాలక్యాన్లు తగిలించుకొని, గనివాళ్ళు కాపురముండే లైనిళ్ళకు తిరిగి పాలు పోసేవాడు. పాలు అయిపోతే ఖాళీ క్యాన్లు టాకీసు సైకిలు స్టాండులో పెట్టి మ్యాట్నీకి దూరేవాడు. ఊళ్ళో బడి అయిదో తరగతితో అయిపోయింది. మిగతాదంతా కనకమహల్లో నేర్చుకున్నదే.

ఆ టాకీసు కట్టింది గనివాళ్ళకు బియ్యం తోలే ఒక వర్తకుడు. మొదట రేకుల కొట్టమంట. తరువాత గోడలు లేచినాయి, పెంకులు పడినాయి. ఆట మొదలయ్యేది గడియారం చూసి కాదు, గని కూత విని. షిఫ్టు దిగిన కూత వినబడినాక జనం స్నానాలు చేసి, తలలు దువ్వుకొని వచ్చేదాకా టికెట్టు కిటికీ తెరిచేవాళ్ళు కాదు. ఒక వారం తమిళ బొమ్మ, ఒక వారం తెలుగు బొమ్మ, మధ్యలో కన్నడ బొమ్మ. చిత్తూరు పక్కనుంచి గనికి వచ్చి స్థిరపడినోళ్ళకు తెలుగు వారం పండగ వారమే. నేలక్లాసులో ఇసక పోసి ఉండేది. ఆడవాళ్ళ పక్కకు నడుమెత్తు గోడ అడ్డం. ఆ గోడ మీదినుంచి చంకబిడ్డలు అటూ ఇటూ మారతా ఉండేవాళ్ళు.

ఒక్కోసారి భూమి లోపల రాయి పగిలేది. ఎయిర్ బ్లాస్టు అనేవాళ్ళు దాన్ని. టాకీసు గోడలు అదిరేవి, తెర వణికేది. బొమ్మ ఆగేది కాదు గానీ మొగోళ్ళందరూ లేచి నిలబడి చెవులు బయటికి పెట్టేవాళ్ళు. తెర మీద ఎవరు పాడినా ఎవరు ఏడ్చినా ఎవరికీ పట్టేది కాదు. ఆపద కూత వచ్చిందంటే అన్ని తలుపులూ ఒక్కసారే తెరుచుకునేవి. అట్ల పరుగెత్తినోళ్ళు మర్నాడు వచ్చి "నిన్న సగంలో లేచి పోయినాను" అంటే చాలు, టికెట్టు అడక్కుండా లోపలికి వదిలేవాళ్ళు. రాని వాళ్ళ గురించి గేటు కాడ ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

ఇదంతా ఒక ఎత్తు, బాల్కనీ ఒక ఎత్తు. అది గని ఆఫీసర్లు కూచునే చోటు. నేలంతా టేకు పలకలు, బర్మానుంచి వచ్చిన టేకు అని చెప్పుకునేవాళ్ళు. పైన బూట్లు నడిస్తే కింద ఇసకలో కూచున్నోళ్ళ తలలు పైకి లేచేవి. రామాంజినప్ప ఎన్ని బొమ్మలు చూసినా ఆ మెట్లు ఎక్కలేదు. పాలవాసన కొడతా ఉంటే ఎవరెక్కనిస్తారు?

గని మూతబడినాక ఊరు ఊరంతా తెల్లారకముందే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు పనులకు పోయి, పొద్దు పోయినాక తిరిగొచ్చేది మొదలుపెట్టింది. కూత ఆగిపోయింది. ఆటకు మనుషులు లేరు. కొన్నాళ్ళు మొగోళ్ళు తలమీద తువాలు కప్పుకొని పోయే బొమ్మలు వేసినారు. అదీ నిలవలేదు. కిందంతా సిమెంటు మూటల గోడౌను చేసినారు. బాల్కనీని పురుగుమందుల అంగడివాళ్ళు తీసుకున్నారు, తేమ తగలదని.

పలకలు చూడటానికి పోయిన దినం రామాంజినప్ప మొట్టమొదటిసారి ఆ మెట్లెక్కినాడు. పైన కప్పు లేదు, ఎండ కొడతా ఉండాది. ఆయన చెప్పులు విప్పేసి పలకల మీద ఈ కొసనుంచి ఆ కొసకు నడిచినాడు.

కాపలా ఉండింది మునిశంకర్. ఒకప్పుడు అదే గేటు కాడ టికెట్లు చింపినవాడు.

"పాలప్పా, నువ్వా! ఇంగా బతికే ఉండావా?"

"నువ్వు చావలేదు గదా, నేనెట్ల ముందు పోతాను? ఈ పలకలు నాకు కావాల."

"పలకలొద్దు. కింద తలుపులు మంచివుండాయి, అవి తీసుకో."

"ఇవెందుకొద్దు? టేకు గదా?"

"టేకే. ఎన్నేండ్లుగానో మందు డబ్బాలు పెట్టినారు దీని మీద. ఎన్ని పగిలినాయో, ఎంత కారిందో. ఆ నల్లమరకలు చూడు. వాన పడితే ఇప్పటికీ ఘాటు లేస్తాది. యాడికి వాడతావు నువ్వు?"

తాను పట్టుపురుగులు మేపే ఇంట్లో అరలకు అని నోటిదాకా వచ్చింది. చెప్తే ఇవ్వడని తెలుసు. ఎవరికో ఎత్తిపెట్టుకొని నాకు సాకు చెప్తా ఉండాడేమో అని కూడా అనిపించింది.

"గొడ్లకొట్టానికి" అన్నాడు.

ఇంటికి తెచ్చినాక బోరు కింద వేసి కొబ్బరిపీచుతో రుద్దినాడు. బ్లీచింగు నీళ్ళు పోసినాడు. సున్నం పూసినాడు. వారం పైన ఎండలో పెట్టినాడు. ముక్కు దగ్గిర పెట్టుకొని చూస్తే సున్నం వాసన తప్ప ఏమీ లేదు. ఇంత చేసినాక ఇంగేముంటాది అనుకున్నాడు. అనుకున్నాడు గానీ, పలకల సంగతి అడిగినోళ్ళందరికీ టాకీసు కథ చెప్పినాడే తప్ప మందుల కథ ఒక్కరికీ చెప్పలేదు.

ఆ పలకలతో పురుగుల ఇంట్లో పై అరలు కొట్టినాడు. ఊరోళ్ళు ఎగతాళి చేసినారు. పిల్లప్ప అనే ముసలాయన గడప కాడ నిలబడి లోపలికి తొంగి చూసి, "ఏమప్పా, నీ పురుగులకు బాల్కనీ టికెట్టు కోసినావంట? నా పురుగులు ఇంగా నేలక్లాసులోనే ఉండాయి" అన్నాడు. రామాంజినప్ప మీసం కింద నవ్వుకున్నాడు. పక్కింటి వెంకటలక్ష్మమ్మ మొగుడు లేని మనిషి, ఒంటిచేత్తో పురుగులు మేపేది. "అన్నా, మిగిలితే నాకూ రెండు పలకలియ్యి" అంటే తానే మోసుకుపోయి ఆమె ఇంట్లో అర కొట్టి వచ్చినాడు.

పట్టుపురుగు సంగతి తెలిసినోళ్ళకు చెప్పక్కర్లేదు. దానంత సుకుమారం ఇంకోటి లేదు. పొర విడిచేదానికి నాలుగోసారి నిద్రపోయి లేచినాక, గూడు కట్టేదాకా, అది తినే తిండి తిండి కాదు. అప్పుడు దానికి చోటూ ఎక్కువ కావాల. పురుగుల ఇంట్లోకి పోవాలంటే కాళ్ళు మందునీళ్ళల్లో ముంచాల, బీడీ తాగి పోకూడదు, దోమలబత్తి వెలిగించకూడదు. కొడుకు మునేష్ దగ్గర్లోని నరసాపురం బండ్ల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చి, తలకు వాసన నూనె పెట్టుకొని గడప దాటబోతే రామాంజినప్ప, "రేయ్, పురుగుల్ని చంపేదానికి వచ్చినావా?" అని అరిచిన దినాలుండాయి.

ఆ చోటు కోసమే, నాలుగో నిద్ర లేచిన పొద్దున పురుగుల్లో సగం కొత్త పలకల మీదికి మార్చి, మిగతావి కింద వెదురుతట్టల్లోనే వదిలినాడు. ఆ దినమే ఆయన పెండ్లాం ఆదిలక్ష్మమ్మ ముళబాగిలు పక్క అన్నగారింట్లో చావు దినాలని పోయింది. మునేష్ షిఫ్టుకు పోయినాడు. ఇంట్లో మిగిలింది కోడలు ప్రేమ.

ప్రేమ ఆ గనుల ఊరు కే.జీ.ఎఫ్ పిల్ల. వాళ్ళ తాత గనిలో పనిచేసినవాడు, నాయన శశికుమార్ ఇప్పుడు రైలెక్కి బెంగళూరికి పోయి ఒక అపార్టుమెంటు కాడ కాపలా కాస్తాడు. పెండ్లయి వచ్చిన కొత్తలో పురుగును ముట్టుకోవాలంటే భయపడిన పిల్ల, ఏడాది తిరిగేసరికి ఆదిలక్ష్మమ్మ కంటే చురుకుగా మేపేది నేర్చుకుంది.

పగటి ఆకు వేసే పొద్దయింది. కోసిన మల్బరీ కొమ్మలు గోనె కింద ఉండాయి. రామాంజినప్ప లోపలినుంచి పిలిచినాడు.

"అమ్మా ప్రేమా! రామ్మా, పై అరలకు ఆకెయ్యాల. నాకు నిచ్చెన ఎక్కితే మోకాలు పట్టుకుంటా ఉండాది."

ఆ పిల్ల వచ్చి వాకిట్లో నిలబడింది. గడప దాటలేదు.

"ఏంటికమ్మా నిలబడినావు?"

"మామా... నేను ఈ దినం లోపలికి రాకూడదు" అని తలొంచుకుంది.

ఆయనకు అర్థమైంది. ఆ ఇంట్లో బయట ఉన్న ఆడమనిషి మూడు దినాలు పురుగుల ఇంటి నీడ కూడా తొక్కదు. ఆదిలక్ష్మమ్మ తొక్కలేదు, ఆమె అత్త తొక్కలేదు. ఆయన ఆకు వైపు చూసినాడు, పైన తలలెత్తి ఎదురు చూసే పురుగుల్ని చూసినాడు.

"పర్వాలేదు రామ్మా. ఆకు వాడిపోతాది. దానికేం తెలుస్తాది ఎవరేసినారో! మీ అత్తకు చెప్పేదేముంది."

ప్రేమ కాళ్ళు కడుక్కొని లోపలికి వచ్చి, నిచ్చెనెక్కి పై అరలన్నిటికీ ఆకు వేసింది. చక్కగా వేసింది.

మర్నాడు పొద్దున ఆదిలక్ష్మమ్మ బస్సు దిగి నేరుగా పురుగుల ఇంట్లోకే పోయింది. పోయినావిడ అరిచిన అరుపు వీధి చివరికి వినబడింది. పై అరల్లో పురుగులు తలలు అటూ ఇటూ ఊపుతా, పచ్చగా కక్కుకుంటా, మెలికలు తిరిగి ముడుచుకుపోతా ఉండాయి. కొన్ని అప్పటికే నల్లబడినాయి. కింద వెదురుతట్టల్లో ఉన్నవి మాత్రం ఆకు నములుతా ఉండాయి.

రామాంజినప్ప గడప కాడే ఆగిపోయినాడు. ఆయనకు చూడంగానే తెలిసిపోయింది. రోగమొస్తే పురుగు అట్ల కక్కదు. పలక మీద ఉన్నవి చచ్చినాయి, తట్టలో ఉన్నవి బతికినాయి. మునిశంకర్ వేలు పెట్టి చూపిన నల్లమరకలు సున్నం కింద ఉన్నా ఆయన కంటికి కనబడినాయి.

ఆదిలక్ష్మమ్మ తలకొట్టుకుంటా వంటింటి వైపు తిరిగింది.

"ఏమే, నిన్న నువ్వు లోపలికి పోయింటివా?"

"పోయినాను అత్తా."

"నువ్వు బయట ఉండావు గదే!"

ప్రేమ ఒక్కసారి తలెత్తి మామ వైపు చూసింది. ఆయన గుంజకు కట్టిన తాడు సరిచేస్తా ఉండాడు.

"పైవి మాత్రమే ఎట్ల పోయినాయి? కిందవి బాగుండాయే?" అని ఆదిలక్ష్మమ్మ తనలో తానే అన్నట్టు అనింది.

అప్పుడు రామాంజినప్ప నోరు తెరిచినాడు. ఎందుకు తెరిచినాడో ఆయనకే తెలీదు. "పైవాటికి ఆకేసింది ప్రేమే" అన్నాడు.

మాటలో అబద్ధం లేదు. అంతకంటే పెద్ద అబద్ధం ఆయన జన్మలో ఆడలేదు.

సాయంత్రానికి వెంకటలక్ష్మమ్మ కూడా ఏడుస్తా వచ్చింది. ఆమె పురుగులూ పోయినాయి. ముందురోజు ప్రేమ కొడవలి తిరిగిచ్చేదానికి ఆమె గడప దాకా పోయింది. ఇంగేం కావాల? "నా కొంప కూడా ముంచింది నీ టవును కోడలు" అని వీధిలో నిలబడి చీర కొంగు దులిపింది. ప్రేమ తలుపు వెనక కూచొని రాగులు చెరుగుతా ఉండె. చేట చప్పుడు ఒక్క నిమిషం ఆగి మళ్ళా మొదలయ్యింది.

ఆ రాత్రి మునేష్ కూడా పెండ్లాంతో మాట్లాడలేదు. రామాంజినప్ప చచ్చిన పురుగుల్ని గుంత తీసి పూడ్చినాడు. పలకలు ఊడదీసి చింతచెట్టు కింద వేసి గోనెలు కప్పినాడు. "ఎందుకు తీసినావు?" అంటే "కడగాల" అన్నాడు. రేపు చెప్దాం అనుకున్నాడు. రేపు వచ్చింది, పోయింది. ప్రేమ ఎప్పటిలాగే కాపీ గ్లాసు తెచ్చి అరుగు మీద పెడతా ఉండె. అట్లాంటప్పుడు ఏదో ఒకటి అంటుందేమో అని ఆయన భయపడేవాడు. ఆ పిల్ల వాకిట్లో కొంచేపు నిలబడి లోపలికి పోయేది. కాపీలో చక్కెర కూడా తగ్గలేదు. ఆయన సగం తాగి మిగతాది పారబోసేవాడు.

ఆదివారం శశికుమార్ వచ్చినాడు. ఆదిలక్ష్మమ్మే ఫోను చేసి పిలిపించింది. అరటిపండ్లు, ఆకువక్కలు సంచిలో పెట్టుకొని వచ్చి, చెప్పులు వీధిలోనే విడిచి, అరుగు మీద కూచోమన్నా కూచోకుండా నిలబడినాడు. కబురు తెలిసి వెంకటలక్ష్మమ్మ కూడా వచ్చి మెట్టు మీద కూచుంది.

"అక్కా, బావా, పిల్లది తప్పే" అని శశికుమార్ చేతులు జోడించినాడు. "మా టవునులో ఈ పట్టింపులు తక్కువ. నేర్పించలేదు మేము, అది మా తప్పు. కురుడుమలె గణపయ్య కాడికి పిల్చుకుపోయి టెంకాయ కొట్టిస్తాను. మీ మనసు సల్లబడేదాకా ఇంట్లో పెట్టుకుంటాను."

"టెంకాయ కొడితే నా పురుగులు లేచి ఆకు తింటాయా?" అనింది వెంకటలక్ష్మమ్మ. "రేపు మళ్ళా కొత్త పురుగులు తెస్తా ఉండాను. అర కడిగి పెట్టినాను. నీ బిడ్డ నా వాకిలి తొక్కకుండా చూసుకో, అంతే చాలు."

శశికుమార్ జోడించిన చేతులు దించలేదు. మనిషి ముందుకు వంగి ఉండాడు. నెత్తిన పలచబడిన జుట్టు మధ్య చెమట కనబడతా ఉండాది. లోపల ప్రేమ సంచి సర్దుకునే చప్పుడు.

కడిగి పెట్టిన అర అంటే ఆ పలకలే. రేపు వాటి మీదే పురుగులు పోస్తాది. మళ్ళా చస్తాయి. అప్పుడు ఈ పిల్ల ఊళ్ళో కూడా ఉండదు, అయినా ఈ పిల్ల పేరే చెప్పుకుంటారు.

"ఆ పలకలు తీసెయ్యి" అన్నాడు రామాంజినప్ప.

"ఏ పలకలు?"

"నేనిచ్చినవి. వాటిలో మందుండాది."

ఎవరికీ అర్థం కాలేదు. ఆయన మళ్ళా చెప్పాల్సి వచ్చింది. బాల్కనీలో పురుగుమందుల గోడౌను పెట్టింది, మునిశంకర్ వద్దన్నది, గొడ్లకొట్టానికని తాను బొంకింది, అన్నీ ముక్కలు ముక్కలుగా, వెనకది ముందు, ముందుది వెనక. మొహం నేలకేసి చెప్పినాడు. "పిల్ల తప్పేం లేదు. రానని వాకిట్లో నిలబడితే నేనే పిలిచినాను. తెలిసే పిలిచినాను."

 మొదట తేరుకునింది ఆదిలక్ష్మమ్మ.

"తెలిసి పిలిచినావా? బయట ఉందని తెలిసి?"

"పలకల మాట చెప్తా ఉండాను, నీకు అదే పట్టిందా?"

"పలకలు సరే. నేను ఆ బిడ్డను నోటికొచ్చినట్టు అంటా ఉంటే, పక్కనే నిలబడి తాడు ముడేస్తా ఉండావే! మొగోడివేనా నువ్వు?"

శశికుమార్ చేతులు దించినాడు. కోపమొచ్చినట్టు లేదు, అలిసిపోయినట్టుండాడు. "బావా, కనకమహల్ బాల్కనీలో మందు డబ్బాలుండేది మా ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ పక్క సందులో పిల్లుల్ని కూడా పోనిచ్చేవాళ్ళు కాదు. నన్నొక్క మాట అడిగింటే..." అని, ఇంగ చెప్పి లాభం లేదన్నట్టు ఆపేసినాడు. "ప్రేమా, పోదాం రా."

ప్రేమ సంచి పట్టుకొని వచ్చింది. అత్తకు మాత్రం "పోయొస్తాను" అని చెప్పింది. ఆదిలక్ష్మమ్మ ఏదో అనబోయి కొంగు నోట్లో కుక్కుకుంది.

వెంకటలక్ష్మమ్మ లేచి, "రా అన్నా, వచ్చి నీ సొత్తు నువ్వే ఎత్తుకుపో. నేను ముట్టను" అనింది.

రామాంజినప్ప ఆమె వెనకే పోయి అర ఊడదీసి, పలకలు భుజాన వేసుకొని వీధిలోకి వచ్చినాడు. ఎండ. అరుగుల మీద జనం. "ఏమప్పా, పట్టపగలు మోస్తా ఉండావు?" అని పిల్లప్ప అడిగినాడు. మందు పలకలనీ, పురుగుల్ని చంపింది ఇవేననీ, కోడలు కాదనీ చెప్పినాడు. నాలుగిండ్లు దాటినాక ఇంకొకరడిగినారు. మళ్ళా చెప్పినాడు. చెప్పేకొద్దీ సులభమవుతాదనుకున్నాడు, కాలేదు. ప్రతిసారీ మొదటిసారి లాగే ఉండె. అందరికీ చెప్పినాను గానీ చెప్పాల్సిన మనిషికి ఇంగా చెప్పలేదే అని అప్పుడు తట్టింది. పలకలు అక్కడే గోడకు ఆనించి రోడ్డు వైపు నడిచినాడు.

బస్సు ఇంగా రాలేదు. శశికుమార్ పక్కనున్న అంగడిలో నీళ్ళు తాగతా ఉండాడు. ప్రేమ సంచి కాళ్ళ దగ్గిర పెట్టుకొని నిలబడి ఉండాది. ఆ ఇండ్లల్లో మామ కోడలి మొహం చూసి మాట్లాడేది లేదు. ఆయన రోడ్డు అవతల మామిడితోట వైపు తిరిగి నిలబడినాడు.

"అమ్మా, తప్పు నాదమ్మా."

"ఊఁ" అనింది ప్రేమ.

బస్సు హారను దూరంగా వినబడింది. ఆయన సంచి అందుకోబోయినాడు. ఆ పిల్ల ముందే వంగి తీసుకుంది.

"మీరు ఆ పొద్దే చెప్తారనుకున్నాను మామా. కాపీ తెచ్చినప్పుడల్లా, ఇప్పుడు చెప్తారేమో అని వాకిట్లో కొంచేపు నిలబడతా ఉంటిని."

ఆయన సంచికి చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఎప్పుడొస్తావమ్మా?" అన్నాడు చివరికి.

"నాలుగు దినాలుండి వస్తాను. ఇల్లు నాదే గదా, యాడికి పోతాను? పురుగుల ఇంట్లోకి మాత్రం ఇంగ మీరు పిలిస్తే రాను. అత్త పిలవాల."

బస్సు వచ్చి ఆగింది. శశికుమార్ పరుగున వచ్చి బిడ్డను ముందు ఎక్కించి తానెక్కినాడు. పోతా పోతా వియ్యంకుడి వైపు తల ఊపినాడు, అంతే.

రామాంజినప్ప దుమ్ము అణిగేదాకా అక్కడే ఉండి ఇంటికి వచ్చినాడు. ఆదిలక్ష్మమ్మ పురుగుల ఇంటి తలుపు బార్లా తెరిచి, చీర ఎగజెక్కి, నీళ్ళు కొట్టి కడుగుతా ఉండాది.

"పోయిందా?"

"పోయింది. నువ్వు పిలిస్తేనే లోపలికి వస్తాదంట. నేను పిలిస్తే రాదంట."

ఆదిలక్ష్మమ్మ చీపురు ఆపలేదు. బురదనీళ్ళు గడప దాటి ఆయన పాదాల మీదికి వచ్చినాయి. ఆయన పక్కకు జరగలేదు.